పెట్టె, ముద్ర, మీట: ఆమదాలవలస పోలింగ్ కేంద్రంలో ఒక చిన్న చిప్పు చరిత్ర

పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకంలో తూర్పు తీరం వెంట వేసిన ఇనుపదారి శ్రీకాకుళం పట్నాన్ని తాకకుండా దానికి వాయవ్యంగా సాగిపోవడంతో, ఆమదాలవలసలో వెలసిన స్టేషనుకు రైల్వే లెక్కల్లో 'శ్రీకాకుళం రోడ్డు' అనే పేరే స్థిరపడింది; ఆ స్టేషను చుట్టూ పెరిగిన ఊరు కాలక్రమంలో పురపాలక పట్టణమై, పొందూరు, బూర్జ, సరుబుజ్జిలి మండలాలను కలుపుకొన్న శాసనసభ నియోజకవర్గానికి కేంద్రమైంది. ఈ ప్రాంతపు ఓటరు స్వతంత్ర భారతంలో మూడు విధాలుగా ఓటు వేశాడు. మొదట అభ్యర్థికి ఒకటిగా పెట్టిన పెట్టెల్లో చీటీ వేశాడు, తరువాత గుర్తు పక్కన ముద్ర గుద్దాడు, ఇప్పుడు మీట నొక్కుతున్నాడు. మొదటి మార్పు ఎన్నికల పాలనా చరిత్రకు సంబంధించినది కాగా, రెండో మార్పు దానితోపాటు తెలుగునాట ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ చరిత్రకు కూడా చెందినది. ఎందుకంటే ఆ మీట వెనుక ఉన్నది ఒక చిన్న చిప్పు, ఆ చిప్పులో శాశ్వతంగా ముద్రించిన ఒక చిన్న ప్రోగ్రాము.

ఇటువంటి ఏర్పాటును ఎంబెడెడ్ వ్యవస్థ అంటారు, అనగా ఒక పరికరం కడుపులో పొదిగి, ఆ పరికరపు పనికే అంకితమై ఉండే కంప్యూటరు. బల్ల మీది కంప్యూటరులో గణించే భాగం, జ్ఞాపకం, బయటి తీగలతో మాట్లాడే భాగం వేరువేరు చిప్పులుగా ఉంటే, ఈ మూడింటినీ ఒకే చిప్పులో ఇమిడ్చినదానిని మైక్రోకంట్రోలర్ అంటారు; దానిలో నిలిచిపోయే ప్రోగ్రాముకు ఫర్మ్‌వేర్ అని పేరు. అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 1974లో అమ్మకానికి తెచ్చిన టీఎంఎస్ 1000తో ఈ జాతి చిప్పులు బజారుకు వచ్చాయి. ఇంటెల్ సంస్థ 1976లో 8048ని, 1980లో 8051ని విడుదల చేసింది. ఈ 8051లో ప్రోగ్రాముకు 4 కిలోబైట్ల చోటు, పని జ్ఞాపకానికి 128 బైట్లు మాత్రమే ఉండేవి. ఒక పుటలో పట్టే తెలుగు వాక్యాలను నేటి పద్ధతిలో భద్రపరచడానికే ఆ 4 కిలోబైట్లు చాలవు. అయినా ఇంత చిన్న చోటులో ఒక పోలింగ్ కేంద్రపు పనంతా ఇమడగలదన్న ఊహ దేశంలో 1970ల చివరనే పుట్టింది.

ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే పెట్టెల కాలానికి వెళ్లాలి. 1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18 శాతం దగ్గర ఉన్నందున, పేరు చదివి ఓటు వేయమనడం సాధ్యపడలేదు. అందువల్ల ఎన్నికల సంఘం ప్రతి అభ్యర్థికీ ఒక గుర్తునిచ్చి, ఆ గుర్తు అంటించిన పెట్టెను తెర వెనుక ఉంచి, ఓటరు తనకిచ్చిన చీటీ మీద ఏమీ రాయకుండా, తనకు నచ్చిన పెట్టెలో వేస్తే చాలునన్నది. 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడిన శ్రీకాకుళం జిల్లా, 1952 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలలో మద్రాసు రాష్ట్ర భాగంగానూ, 1955 ఫిబ్రవరిలో కొత్త ఆంధ్ర రాష్ట్ర భాగంగానూ ఈ విధంగానే ఓటు వేసింది. పద్ధతి సులభమే గాని దాని బరువు పెద్దది: అభ్యర్థులు ఎందరో ప్రతి కేంద్రానికీ అన్ని పెట్టెలు కావాలి. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. చీటీ మీద ఏ గుర్తూ ఉండదు గనుక, తెర చాటున దానిని పెట్టెలో వేయకుండా బయటికి తెచ్చి అమ్ముకొనే వీలుండేది, కొన్న మనిషి వాటిని పోగుచేసి ఒక్కసారిగా ఒకే పెట్టెలో వేయించగలిగేవాడు.

దీనికి విరుగుడుగా 1960-61లో కేరళ, ఒరిస్సా మధ్యంతర ఎన్నికలలో పరీక్షించి, 1962 నుంచి దేశమంతటా తెచ్చినదే ముద్ర పద్ధతి. 1957లో ఆంధ్ర ప్రాంతానికి శాసనసభ ఎన్నికలు జరగలేదు, 1955లో ఎన్నికైనవారే కొనసాగారు; కాబట్టి శ్రీకాకుళం జిల్లా ఓటరు శాసనసభకు ముద్ర గుద్ది ఓటు వేయడం 1962లోనే మొదలైంది. అభ్యర్థులందరి పేర్లూ గుర్తులూ ఒకే కాగితం మీదికి వచ్చాయి, పెట్టె ఒక్కటే అయింది. రబ్బరు ముద్రకు నాలుగు కొసలూ ఒకే వైపు వంగిన ఆకారం ఇవ్వడం వెనుక ఒక మెలకువ ఉంది: కాగితం మడిచినప్పుడు తడి సిరా ఎదుటి గుర్తు మీద కూడా అంటుకొంటే, అసలు ముద్ర కొసలు ఒక దిక్కుకు, అంటుకొన్న మరక కొసలు అద్దంలో బింబంలా దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి గనుక లెక్కించేవారు తేడా పోల్చుకోగలరు. ఇంత తెలివి పెట్టినా, రెండు గుర్తుల నడుమ పడిన ముద్ర, వేలిముద్రగా వేసిన ఓటు, రెండు చోట్ల గుద్దిన కాగితం లెక్కింపు బల్ల వద్ద చెల్లనివిగా పక్కకు పోయేవి. ఎండలో వరుసలో నిలబడి వేసిన ఓటు అలా వృథా కావడం ఈ పద్ధతిలోని అతి పెద్ద అన్యాయమని చెప్పాలి. కట్టలు కట్టి, ఎంచి, మళ్లీ ఎంచి ఫలితం చెప్పేసరికి రాత్రులు గడిచేవి. కేంద్రాన్ని ఆక్రమించిన ముఠా చేతికి కాగితాల పుస్తకం చిక్కితే, వాటన్నింటిపై ముద్రలు గుద్దడానికి ఎంతోసేపు పట్టేది కాదు.

ఈ లోపాలకు జవాబు వెతికే బాధ్యతను ఎన్నికల సంఘం 1977లో హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌కు, అనగా తెలుగువారందరికీ ఈసీఐఎల్‌గా తెలిసిన సంస్థకు అప్పగించింది. 1967 ఏప్రిల్ 11న ఏర్పడిన ఈ సంస్థకు ప్రాణం పోసినవారు భీమవరం దగ్గరి మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ, ఆపైన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోనూ చదివి, హోమీ భాభా బృందంలో చేరి, అణుశక్తి సంస్థకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారు చేయాలని పట్టుబట్టిన శాస్త్రజ్ఞుడు ఆయన. హైదరాబాదులోని ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీద వెలసినదే. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అనే పేరును కుదించి టీడీసీ అని పిలిచిన కంప్యూటర్ల వరుసలో 1969 నాటి టీడీసీ-12 మొదటిది, దాని తరువాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. 1970ల చివర మైక్రోప్రాసెసర్ ఆధారంగా మైక్రో-78 తయారైంది. పెద్ద యంత్రంతో మొదలై ఒక చిప్పు చుట్టూ యంత్రం కట్టే దశకు పదేళ్లలో చేరిన సంస్థకు ఓటు లెక్కించే పెట్టె అప్పగించడం సహజమే. సంస్థకు ఎంతటి పేరున్నా, ఈ పనికి కావలసిన గుణం వేరొకటి ఉంది. అది వీలైనంత తక్కువ పని చేసే యంత్రాన్ని తలపెట్టగల నిగ్రహం. ఓటు యంత్రపు రూపకర్తలలో అది కనిపించింది.

నమూనా 1979లో సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దానిని రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు ప్రదర్శించింది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా తయారీలోకి వచ్చింది. అక్కడ ఆ పనిని నడిపించినవారిలో సుజాత అనే కలంపేరుతో తమిళ పాఠకులందరికీ తెలిసిన రచయిత ఎస్. రంగరాజన్ ఒకరు. యంత్రపు బయటి రూపాన్ని ఐఐటీ బొంబాయిలోని పారిశ్రామిక రూపకల్పన కేంద్రం ఆచార్యులు తీర్చారు. 1982 మే 19న కేరళలోని పరూరు నియోజకవర్గంలో 50 కేంద్రాలలో యంత్రాలతో ఓటింగు జరిగింది. అయితే చట్టంలో కాగితపు బ్యాలెట్ మాటే ఉన్నందున యంత్రంతో వేయించిన ఓటు చెల్లదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పడంతో అక్కడ మళ్లీ కాగితంతో పోలింగ్ జరపవలసి వచ్చింది. యంత్రం పని చేసిందా లేదా అన్నది ఆ వివాదంలోని ప్రశ్నే కాదు; చట్టంలో లేని సాధనం ఎంత చక్కగా నడిచినా చెల్లదన్న సూత్రం మాత్రం నిలిచింది. 1988 డిసెంబరులో ప్రజాప్రాతినిధ్య చట్టానికి యంత్రాలను అనుమతించే 61ఏ సెక్షను చేరి, 1989 మార్చి 15 నుంచి అమలులోకి వచ్చింది. ఆ వెంటనే తయారైన యంత్రాలు 1998 నవంబరు వరకు ఎన్నిక చూడలేదు. ఆ నెలలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 శాసనసభ స్థానాలలో వాటిని వాడారు.

యంత్రంలో రెండు భాగాలున్నాయి. ఓటరు ముందు తెర వెనుక ఉండేది బ్యాలెట్ యూనిట్. దాని మీద అభ్యర్థుల పేర్లు, గుర్తులు, ఒక్కొక్కరికీ ఒక మీట, ఒక చిన్న దీపం ఉంటాయి. పోలింగ్ సిబ్బంది బల్ల మీద ఉండేది కంట్రోల్ యూనిట్. లెక్క దాచేది, అనుమతి ఇచ్చేది అదే. అయిదు మీటర్ల తీగ ఈ రెండింటినీ కలుపుతుంది. విద్యుత్తు లేని గ్రామంలో కూడా నడవాలి గనుక యంత్రం బ్యాటరీతోనే పని చేస్తుంది. మొదటి తరాల యంత్రాలలో ఒక బ్యాలెట్ యూనిట్‌కు 16 మంది చొప్పున, నాలుగింటిని కలిపి 64 మంది అభ్యర్థుల వరకు వీలుండేది. పెట్టెల కాలం నుంచి వచ్చిన గుర్తు మాత్రం అలాగే నిలిచింది. అక్షరం రాని ఓటరుకు 1952లో దారి చూపిన బొమ్మే మీట పక్కన అంటించి ఉంది.

ఇటువంటి యంత్రానికి ప్రోగ్రాము రాసేవాడు చేయవలసిన పనులను పరిశీలిస్తే, మైక్రోకంట్రోలర్ విద్యలోని తొలి పాఠాలన్నీ అక్కడే ఎదురవుతాయి. మొదటిది మీటను గమనించడం. ఏదో ఒక మీట నొక్కబడిందా అని చిప్పు ఒక్కొక్క తీగనే క్షణానికి వేలసార్లు అడుగుతూ తిరిగే పద్ధతికి ఇంజనీర్లు పెట్టుకొన్న పేరు 'పోలింగ్'. ఓటింగుకూ ఇదే మాట వాడడంలో విశేషమేమీ లేదు, రెండు చోట్లా ఒక్కొక్కరినీ వరసగా అభిప్రాయం అడగడమే జరుగుతున్నది. రెండో పాఠం మీట చేసే అల్లరి. నొక్కినప్పుడు లోపలి లోహపు రేకులు ఒక్కసారిగా అతుక్కోక, కొన్ని మిల్లీసెకన్ల పాటు తాకి విడిపోతూ కంపిస్తాయి. మనిషి ఒక్కసారి నొక్కినా చిప్పుకు అది అయిదారు నొక్కులుగా కనిపించవచ్చు. అందువల్ల మొదటి తాకిడి కనిపించగానే నమ్మకుండా, సుమారు 20 మిల్లీసెకన్లు ఆగి, మీట ఇంకా నొక్కి ఉన్నదో లేదో మళ్లీ చూసి, అప్పుడే దానిని నొక్కుగా పరిగణించాలి. బొమ్మ కారులో ఈ జాగ్రత్త తప్పితే చక్రం ఒకసారి ఎక్కువ తిరుగుతుంది. లెక్కల యంత్రంలో తప్పితే ఒక మనిషి మాట అయిదుగురి మాట అవుతుంది.

మూడో పాఠం స్థితుల పద్ధతి. పరికరం ఏ క్షణంలోనైనా ముందే నిర్ణయించిన కొన్ని స్థితులలో ఒకదానిలోనే ఉండాలనీ, ఒక స్థితి నుంచి మరొకదానికి పోవడానికి ఫలానా సంఘటన మాత్రమే కారణం కావాలనీ నియమం పెట్టుకొని ప్రోగ్రాము రాయడం ఇందులోని కిటుకు. ఆమదాలవలసలోని ఏ పాఠశాల గదిలో జరిగే పోలింగైనా ఈ నియమానికి నిలువెత్తు రూపం. మొదటి అధికారి జాబితాలో పేరు చూసి పైకి చదువుతాడు, రెండో అధికారి వేలికి సిరా పెట్టి సంతకం తీసుకొంటాడు, కంట్రోల్ యూనిట్ దగ్గరున్న మూడో అధికారి 'బ్యాలెట్' మీట నొక్కుతాడు. అప్పటివరకు మూతపడి ఉన్న బ్యాలెట్ యూనిట్ అప్పుడే తెరుచుకొని పచ్చ దీపం వెలిగిస్తుంది. ఓటరు ఒక మీట నొక్కగానే ఆ గుర్తు పక్కన ఎర్ర దీపం వెలిగి, బీప్ శబ్దం వచ్చి, యంత్రం మళ్లీ మూతపడుతుంది. రెండోసారి నొక్కినా, మరొక మీట నొక్కినా దానికి అర్థం లేదు. ఇలా చేయడం వల్ల చెల్లని ఓటు అన్న మాటే లేకుండా పోయింది. నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి స్వీకరించకుండా యంత్రానికి పెట్టిన పరిమితితో, కేంద్రాన్ని ఆక్రమించినవాడికి కూడా వరుసలో నిలబడినంత కాలం పడుతుంది. సాయంత్రం 'క్లోజ్' మీట నొక్కిన తరువాత మరి ఓటు పడదు, 'రిజల్ట్' మీట అంతకు ముందు పని చేయదు. ఉదయం పక్షాల ఏజెంట్ల ఎదుట నమూనా పోలింగ్ జరిపి, 'క్లియర్' నొక్కి, లెక్క సున్నా అయిందని చూపి, సీలు వేసిన తరువాతనే అసలు ఓటింగు మొదలవుతుంది. కాగితపు కాలంలో ఖాళీ పెట్టెను తలకిందులు చేసి ఏజెంట్లకు చూపించి తాళం వేసిన ఆచారమే ఇక్కడ అంకెల రూపంలో కొనసాగుతున్నది.

నాలుగో పాఠం జ్ఞాపకం. మైక్రోకంట్రోలర్‌లోని పని జ్ఞాపకం విద్యుత్తు పోగానే తుడుచుకుపోతుంది. అందుకే లెక్కను విద్యుత్తు లేకున్నా ఏళ్ల తరబడి నిలిచే వేరే రకం జ్ఞాపకంలో రాస్తారు. మధ్యాహ్నం బ్యాటరీ మార్చవలసి వచ్చినా ఉదయపు ఓట్లు చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

2004 సార్వత్రిక ఎన్నికలలో దేశంలోని 543 లోక్‌సభ స్థానాలలోనూ యంత్రాలే వాడారు, వాటి సంఖ్య పది లక్షలు దాటింది. ఆంధ్రప్రదేశ్‌కు శాసనసభ ఎన్నికలూ అప్పుడే జరగడంతో, ఆమదాలవలస ఓటరు శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికి ఒక యంత్రంలోనూ, శాసనసభకు మరొక యంత్రంలోనూ మీట నొక్కాడు. కొత్త పద్ధతి వచ్చిన తీరులో గమనించదగినది ఒకటుంది. ఓటరు కొత్తగా నేర్చుకోవలసినది దాదాపు ఏమీ లేదు: వరుస, సిరా, తెర, గుర్తు అన్నీ పాతవే, ముద్ర చోట మీట వచ్చింది. నేర్చుకోవలసినదంతా మూడో అధికారి భుజాన పడింది. ఆ భారం మోసినవారిలో ఎక్కువమంది బడి పంతుళ్లేనని గుర్తుంచుకోవాలి. అదే ఏడాది హైదరాబాదులోని ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో, చూపులేని ఓటరు తనంతట తాను మీట గుర్తించేందుకు వీలుగా బ్రెయిలీ అంకెలను బ్యాలెట్ యూనిట్ మీద తొలిసారి పరీక్షించారు. ఓటును మరొకరి చెవిలో చెప్పవలసిన అవస్థ తప్పించిన ఆ చిన్న చుక్కలకు ఈ చరిత్రలో పెద్ద చోటే దక్కాలి.

ప్రోగ్రామును చిప్పులో ఒకసారి నింపితే మార్చడానికీ, తిరిగి చదవడానికీ వీలులేకుండా చేయడాన్ని యంత్రపు రక్షణగా ఎన్నికల సంఘం చెబుతూ వచ్చింది. మార్చలేనిది దొంగకు అందదు, నిజమే. చదవలేనిది పరీక్షకుడికి కూడా అందదు. ఈ రెండో సగాన్ని ప్రజల ముందుకు తెచ్చినవారిలో హైదరాబాదుకు చెందిన సాంకేతిక నిపుణుడు హరి కె. ప్రసాద్ ముఖ్యుడు. మిచిగన్ విశ్వవిద్యాలయపు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్‌గ్రైప్‌లతో కలిసి ఆయన 2010లో వెలువరించిన పరిశోధన పత్రం, యంత్రం చేతికి చిక్కితే ఫలితం చూపే పలకను మార్చడం ద్వారానూ, జ్ఞాపకపు చిప్పుకు చిన్న పరికరం తగిలించడం ద్వారానూ లెక్క మార్చవచ్చని చూపింది. సీళ్లు, కాపలా ఉండగా అంతటి చొరబాటు సాధ్యం కాదని ఎన్నికల సంఘం జవాబిచ్చింది. ఎవరి మాట ఎంతవరకు సరియైనదన్న తర్కం ఎలా ఉన్నా, యంత్రాన్ని నమ్మడానికి యంత్రానికి బయట ఒక సాక్షి ఉండాలన్న వాదానికి బలం వచ్చింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదట వాడిన వీవీప్యాట్ ఆ సాక్షి. మీట నొక్కగానే ఎంచుకొన్న గుర్తు ముద్రించిన చీటీ గాజు వెనుక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఆ విధంగా 1962 నాటి కాగితం, 2019 నాటికి ప్రతి కేంద్రంలోనూ యంత్రం పక్కకే తిరిగి వచ్చింది. నారా చంద్రబాబు నాయుడు, ఇతర పక్షాల నాయకులు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 8న ప్రతి శాసనసభ స్థానంలో అయిదు కేంద్రాల చీటీలను యంత్రపు లెక్కతో సరిపోల్చాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ఓటు వేసినది ఆ తరువాత మూడో రోజున. 2024 ఏప్రిల్ 26న, రాష్ట్రంలో పోలింగ్ జరిగిన మే 13కు కొద్ది రోజుల ముందు, అదే న్యాయస్థానం రెండు, మూడు స్థానాలలో నిలిచిన అభ్యర్థులు కోరితే నియోజకవర్గంలోని 5 శాతం యంత్రాలలో చిప్పుల ప్రోగ్రామును తయారీ సంస్థల ఇంజనీర్లు పరిశీలించాలని తీర్పిచ్చింది.

ఇంతలో ఈ విద్య ఉత్తరాంధ్రకు కళాశాలల రూపంలో చేరువైంది. 1997లో రాజాంలో జీఎంఆర్ సాంకేతిక విద్యాసంస్థ, 2016లో ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఏర్పడ్డాయి. పాఠ్యప్రణాళికలో 8051 చాలాకాలం ఏలింది, 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో పలక వచ్చాక మొదటి అడుగు మరింత తేలికయింది. ఆర్డుయినో ఊనో తొలి రూపాల మీద ఉన్న చిప్పులో ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని జ్ఞాపకానికి 2 కిలోబైట్లు ఉంటాయి. 13వ కాలుకు కలిపిన చిన్న దీపాన్ని సెకనుకొకసారి వెలిగించి ఆర్పడంతో విద్యార్థి చదువు మొదలవుతుంది. ఆ దీపం తరువాత విద్యార్థులు విరివిగా ఎంచుకొనే ప్రాజెక్టులలో నాలుగు మీటలు, ఒక చిన్న తెరతో చేసే ఓటు యంత్రం ఒకటి. తొలి ప్రయత్నంలో చాలామంది మీట నొక్కగానే బీప్ మోగించి, ఆ తరువాత లెక్కను ఒకటి పెంచి, దానిని పని జ్ఞాపకంలోనే ఉంచుతారు. ప్రయోగశాలలో ఎవరో తీగ పీకితే అంకెలన్నీ సున్నాకు వస్తాయి. అప్పుడు లెక్కను నిలిచే జ్ఞాపకంలోకి మార్చుతారు. ఆపైన మరొక సంగతి తెలుస్తుంది: బీప్ మోగిన తరువాత, జ్ఞాపకంలో రాత పూర్తయ్యే లోపు విద్యుత్తు పోతే, తన ఓటు పడిందని విని వెళ్లిపోయిన మనిషి ఓటు ఎక్కడా ఉండదు. అందువల్ల ముందు రాసి, రాసినది తిరిగి చదివి సరిచూసి, ఆ తరువాతనే బీప్ మోగించేలా ప్రోగ్రాములోని వరుసలను తారుమారు చేస్తారు.